కుక్క చిరుతిండికి నెలకు ₹1,500: డీహైడ్రేటర్ కొంటే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. 28 కిలోల లాబ్రడార్ ఉంది. దానికి ఎండు చికెన్ ప్యాకెట్లు నెలకు ఆరు కొంటున్నాం. 100 గ్రాముల ప్యాకెట్ ₹250. ఇంట్లోనే చేద్దామని ₹7,000 డీహైడ్రేటర్‌ను (వేడి గాలితో ఎండబెట్టే మెషిన్) ఈఎంఐలో తీసుకోవాలనుకుంటున్నాను. ఎన్ని నెలల్లో డబ్బు తిరిగొస్తుంది? ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది. బాగా కుదిరితే కాలనీలో అమ్మాలని కూడా ఆలోచన.

జవాబు: ఇంట్లో చేసుకోండి, మెషిన్ మాత్రం కొనకండి. షాపు ధరతో పోలిస్తే మెషిన్ ఏడెనిమిది నెలల్లో గిట్టినట్టే కనిపిస్తుంది. కానీ మీ ఇంట్లో ఓటీజీ ఉంది కాబట్టి పోలిక దానితో పెట్టాలి. అప్పుడు మెషిన్ వల్ల మిగిలేది నెలకు పది ఇరవై రూపాయల కరెంటే. ₹7,000 ఎన్నటికీ తిరిగిరాదు. పైగా నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు. అది ₹199 అయితే 18 శాతం జీఎస్టీతో ₹235.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. చికెన్ బ్రెస్ట్‌లో దాదాపు 75 శాతం నీళ్లే, అందుకే కిలోకు ఎండాక 270 గ్రాముల దాకా మిగులుతుంది. నెలకు 600 గ్రాములూ చికెనే పెట్టక్కర్లేదు. సగం చికెన్, సగం కందగడ్డ (చిలగడదుంప) చేయండి. ఒక్కోటి కిలో నూరు గ్రాములు చొప్పున తీసుకోండి. బోన్‌లెస్ కిలో ₹350 అనుకుంటే ₹385, కందగడ్డ కిలో ₹50 అనుకుంటే ₹55. ఓటీజీలో 550 గ్రాముల చొప్పున నాలుగు వాయిలు, వాయికి నాలుగు యూనిట్లు, యూనిట్ ₹5.10 లెక్కన ₹82. మొత్తం ₹522. అంటే నెలకు ₹978 మిగులుతుంది.

దీనికి ముందు గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే రాష్ట్ర పథకం) సంగతి చూసుకోండి. మీకు జీరో బిల్లు వస్తుంటే గత మూడు నెలల బిల్లులు తీసి యూనిట్లు చూడండి. నెలకు 190 దగ్గర ఉంటే ఈ 16 యూనిట్లతో 200 దాటతారు. దాటితే పైన వాడినదానికే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. అది వెయ్యి పైమాటే, అంటే మిగిలిందంతా పోయినట్టే. అలాంటి నెలలో రెండు వాయిలతో సరిపెట్టండి.

కొనాల్సింది ఒక్కటే, మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్. ₹600 దాకా అవుతుంది, దాని దగ్గర పొదుపు చూడకండి. పచ్చి చికెన్‌ను నేరుగా ఎండబెడితే తడి ఆవిరవుతూ ముక్కను చల్లబరుస్తుంటుంది. ఓటీజీ ఎంత చూపించినా ముక్క లోపల అంత వేడి ఉండదు. ఈలోగా కొంచెం ఎండిన సాల్మొనెల్లా (పచ్చి చికెన్‌లో ఉండే జబ్బు చేసే బ్యాక్టీరియా) వేడికి మొండికేస్తుంది. కుక్క తట్టుకున్నా, ఆ ముక్క పట్టుకున్న పిల్లల చేతులకు అంటుతుంది. అందుకే ముందు ఉడికించాలి, తర్వాతే ఎండబెట్టాలి.

తోలు, కొవ్వు పూర్తిగా తీసేయించండి. కొవ్వు ఎండదు, వారంలో ముక్కిన వాసన వస్తుంది. బ్రెస్ట్ ముక్కలను ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టి, ఇరవై నిమిషాలకు అన్నిటికంటే మందమైన చోట గుచ్చి చూడండి. 74 డిగ్రీలు చూపించాలి. దించి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, అయిదు మిల్లీమీటర్ల మందంతో కోయండి. చల్లబడితే విరగకుండా తెగుతుంది. ఓటీజీని 90 నుంచి 100 డిగ్రీల మధ్య పెట్టి, ఫ్యాన్ ఉంటే వేసి, తలుపు సందులో చెక్క గరిటె పెట్టండి. ఆవిరి బయటికి పోకపోతే ముక్క ఎండదు, ఉడుకుతుంది. మూడు గంటలు పడుతుంది, మధ్యలో ఒకసారి తిప్పండి. తొందరపడి 150కి పెంచితే పైన గట్టిపడి లోపల తడి మిగులుతుంది, నాలుగైదు రోజుల్లో బూజు పడుతుంది. చల్లారాక వంచితే పటుక్కున విరగాలి. వంగితే మళ్లీ అరగంట పెట్టండి.

కందగడ్డను చెక్కు తీసి, ఆరు మిల్లీమీటర్ల చక్రాలు కోసి, అయిదు నిమిషాలు ఆవిరికి పెట్టి, ఇదే పద్ధతిలో ఎండబెట్టండి.

రెండింటినీ గాజు సీసాలో వేసి ఒక రోజు చూడండి. లోపల చెమ్మ పట్టిందంటే ముక్క సరిగా ఎండలేదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఎక్కువైతే డీప్ ఫ్రీజర్‌లో. వానాకాలంలో బయట అసలు వద్దు.

ఇవన్నీ ఎందుకు, మేడ మీద ఎండబెడితే పోదా అనిపించొచ్చు. మన మాంసం ఒరుగులు నిలిచేది ఎండతో పాటు ఉప్పు వల్ల. కుక్కకు ఉప్పు వేయకూడదు. ఉప్పు లేని మాంసానికి మే నెల 44 డిగ్రీల ఎండ కూడా సూక్ష్మజీవులు పెరిగే వేడే. మసాలా పట్టించిన చికెన్ వాడకండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. కార్జం (లివర్) చవకని అదే పెట్టకండి, విటమిన్ ఏ ఎక్కువవుతుంది. కార్జం వారానికి రెండు మూడు ముక్కలు చాలు.

మోతాదులోనూ డబ్బుంది. 20 గ్రాముల ఎండు చికెన్ అంటే 75 గ్రాముల పచ్చి చికెన్. చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో పది శాతం దాటకూడదు, అది పెట్టిన రోజు అన్నం ఆ మేరకు తగ్గించండి. కిడ్నీ, క్లోమం జబ్బులున్న కుక్కకైతే మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను అడగండి.

మిగిలే ₹978ని వేరే ఖాతాలో వేసి, టీకాలకూ వైద్యానికీ ఉంచండి. మొదటి నెలలో థర్మామీటర్ డబ్బు పోను ₹378 వస్తుంది, రెండో నెల నుంచి పూర్తిగా.

అమ్మకం సంగతి: ఇప్పుడు వద్దు. ఉప్పు, నిల్వ మందులు లేని మాంసం ఇది. మీ ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉన్నది, కొన్నవాళ్ల కిచెన్ అరలో ఎన్నాళ్లు ఆగుతుందో మీ చేతిలో ఉండదు. తేమ, సూక్ష్మజీవుల పరీక్షలు ల్యాబ్‌లో చేయించడం, నిబంధనల ప్రకారం లేబుల్, ప్యాకింగ్, అనుమతులు, ఇవన్నీ ధరలో కలిపాక కూడా కాలనీవాళ్లు కొంటారా అని ముందు అడిగి చూడండి. మెషిన్ ఆలోచన ఆ జవాబు వచ్చాకే.