మోకాలి కింద నొప్పికి: ముందు ఇసుక వాలును వదలండి

విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో నెల రోజులుగా పరుగెడుతుంటే కుడి మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట నొప్పి వస్తోందని రాశారు కదండీ. బూట్లను అనుమానించే ముందు నేలను చూడండి. అలల దగ్గర ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిశలో పరుగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. నాకూ అలాగే వచ్చింది. రెండు వారాలు పరుగు ఆపి, నొప్పి రాకపోతే సైకిలు తొక్కండి. తరువాత తెల్లవారుజామున వాహనాలను ఆపే బీచ్ రోడ్డు మీద నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టండి. గట్టి నేలే అయినా చదునుగా ఉంటుంది.

వేలితో నొక్కినప్పుడు ఒకే చోట సూది గుచ్చినట్లున్నా, రాత్రి పడుకున్నాక సలుపుతున్నా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవద్దు, దయచేసి ఎముకల వైద్యుణ్ణి కలవండి.