న్యూజెర్సీలో ఉంటాను, రెండు పార్టీలూ విసుగు తెప్పించాయి. ప్రైమరీలో ఓటెయ్యడం దండగా?

కొత్తగా సిటిజన్‌షిప్ వచ్చిందన్నారు. అందరికీ వైద్యం, బతకడానికి సరిపడే జీతం, ఇమిగ్రెంట్లకు న్యాయం కావాలంటున్నారు. రిపబ్లికన్లు మీకు పడరు, డెమోక్రాట్ల మీద నమ్మకం లేదు. జూన్ ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు, వెళ్ళాలా, నవంబరు అసలు ఎన్నికలోనే చూసుకోవాలా అని మీ ప్రశ్న. నేను మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాను. తప్పకుండా వెళ్ళమనే చెప్తాను. అలాగని మీ కోపం తప్పని మాత్రం అనను, నాకూ అంతే కోపం ఉంది.

రిపబ్లికన్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారమైతే, హెచ్1బీ మీదున్న దంపతులకు ఇక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదు. కోర్టులు అడ్డుపడ్డాయి కానీ, అప్పుడు నెలలు నిండిన ఆడపిల్లల ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడ్డారో కళ్ళారా చూశాను.

డెమోక్రాట్లతో బాధ వేరు. వాళ్ళు మన మాటలే మాట్లాడతారు, ఓటు వెయ్యాల్సినప్పుడు వెనక్కి తగ్గుతారు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లే. దాన్ని 15కు పెంచాలని 2021 మార్చిలో సెనేటర్ బెర్నీ శాండర్స్ సెనేట్‌లో సవరణ పెడితే, డెమోక్రాట్ల వైపు కూర్చునే ఎనిమిది మంది వ్యతిరేకంగా ఓటేశారు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల మనవాళ్ళు ఏళ్ళకేళ్ళు క్యూలో ఉన్నారు కదా. దాన్ని ఎత్తేసే బిల్లు 2019లో హౌస్‌లో 365-65తో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా దాన్ని మార్పులతో ఆమోదించింది. రెండు సభలూ ఒక రూపానికి రాలేదు, బిల్లు అక్కడితో పోయింది. ఒకప్పుడు నేనూ ఆ క్యూలోనే ఉన్నాను. ఏ పార్టీని అడిగినా అవతలి పార్టీ వైపే వేలు చూపించింది.

అయినా ప్రైమరీకి వెళ్ళమని ఎందుకంటున్నానంటే, ఇక్కడ చాలా చోట్ల ఒకే పార్టీకి బలం, అందుకే నవంబరు ఫలితం జూన్‌లోనే తేలిపోతుంది. మన దగ్గర బీ-ఫారం ఎవరికివ్వాలో అధిష్ఠానం చూసుకుంటుంది. అమెరికాలో ఆ పని ఓటర్లదే అంటారు. న్యూజెర్సీలో మాత్రం చాలా ఏళ్ళు అది పేరుకే. 21 కౌంటీల్లో 19 చోట్ల 'కౌంటీ లైన్' ఉండేది. కౌంటీ పార్టీ మద్దతున్న వాళ్ళందరినీ, పై పదవి నుంచి ఊరి కౌన్సిల్ దాకా, బ్యాలెట్ మీద ఒకే వరసలో వేసేవాళ్ళు. మిగతావాళ్ళు ఎక్కడో మూలన. నేను మొదటిసారి ప్రైమరీకి వెళ్ళినప్పుడు, నాకు కావలసిన అభ్యర్థి పేరు ఖాళీ గళ్ళు దాటాక ఒంటరిగా కనిపించింది. "ఆ మొదటి వరస నొక్కుకుంటూ వెళ్ళండి, అంతే" అని బయట ఒక కార్యకర్త ముందే చెప్పాడు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అంతకాలం ఎదురుచూసింది ఈ ఓటు కోసమే కదా.

ఆ లైన్ ఇప్పుడు లేదు. పార్టీలు తమంతట తాము తియ్యలేదు. 2024 సెనేట్ సీటుకు అప్పటి గవర్నర్ భార్య టామీ మర్ఫీ నిలబడితే, అంతకు ముందు ఏ ఎన్నికలోనూ పోటీ చెయ్యకపోయినా, పెద్ద కౌంటీల నాయకులు ఆమె వెనక చేరారు. అదే సీటుకు ఆమె మీద పోటీ చేస్తున్న ఆండీ కిమ్ ఆ లైన్ మీద కోర్టుకు వెళ్ళాడు. మార్చిలో ఆమె తప్పుకున్నారు. ఆ నెలాఖరులోనే ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురేషీ, జూన్ ప్రైమరీలో పదవి వారీగా పేర్లు వెయ్యమన్నారు. ఆ ఆదేశం డెమోక్రాట్ల బ్యాలెట్‌కే వర్తించింది, రిపబ్లికన్ల వైపు ఆ ఏడాది లైన్ అలాగే ఉంది. 2025 మార్చిలో చట్టం వచ్చాకే ఇద్దరికీ పోయింది. కిమ్ కంటే ముందే కొందరు ప్రోగ్రెసివ్ అభ్యర్థులు ఏళ్ళ తరబడి దీని మీద కేసు నడిపారు. వాళ్ళు విసుగెత్తి ఇంట్లో కూర్చోలేదు. 2024 జూన్ ప్రైమరీలో ప్రెసిడెంట్ గడిలో నేను 'అన్‌కమిటెడ్'కు, అంటే ఏ అభ్యర్థికీ కట్టుబడను అన్న దానికి, ఓటేశాను. పక్కన పాలస్తీనాకు న్యాయం, శాశ్వత కాల్పుల విరమణ అన్న నినాదం ఉంది. నా కోపం ఆ పార్టీ లెక్కల్లో కనపడాలనుకున్నాను, కనపడింది.

మీరు ఏ పార్టీలోనూ నమోదు కాకపోతే ఇబ్బంది లేదు. పోలింగ్ దగ్గరే పార్టీ చెప్పి ఓటెయ్యొచ్చు, ఆ తర్వాత ఆ పార్టీ సభ్యులుగా రాసుకుంటారు. ఇప్పటికే ఒక పార్టీలో ఉండి మారాలంటే మాత్రం ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. ఆ ఎన్నిక ఉన్న ఏడాది బ్యాలెట్ చివర 'కౌంటీ కమిటీ' అని ఉంటుంది, అది వదిలెయ్యకండి. కౌంటీ పార్టీ ఛైర్మన్‌ను ఎన్నుకునేది ఆ సభ్యులే. మా వైపు ఆ గడిలో పోటీయే లేని ఏళ్ళు చూశాను. మీ పోలింగ్ ఏరియాలోనూ అలాగే ఉంటే, వచ్చేసారి మీరే నామినేషన్ వెయ్యండి. కాగితాలకు నేను సాయం చేస్తాను.