నీ లోయ భాషకు మాటలు పెంచే ముచ్చట

హనుమకొండ

తమ్మీ,

నవల కోసం నువ్వు అల్లుతున్న లోయ భాష నోట్‌బుక్కు మొత్తం చదివిన. నాలుగు వందల మాటలున్నయి. నోటికి ఇంపుగా ఉన్నయి, అన్నీ ఒక్క ఇంటి పిల్లల లెక్క వినబడుతున్నయి. ఇంకో ఆరు వందలు చేర్చి వెయ్యి చేస్తనని రాసినవు చూడు, అక్కడ కొంచెం ఆగు. ‘బాహుబలి’ (2015) కోసం మదన్ కార్కి చేసిన కిలికి భాషకే సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు సరిపోయినయి. నీ ఇబ్బంది లెక్కతోని కాదు. నీ మాటల్లో ముప్పావు వంతు తెలుగు మాటలే, పైన ముసుగు ఒక్కటే కొత్తది.

మొదటి వంద మాటలు స్వదేశ్ జాబితా అనే మూల మాటల పట్టీ నుంచి దించుకున్నవని తెలుస్తనే ఉన్నది. మోరిస్ స్వదేశ్ 1950లలో దాన్ని కూర్చింది భాషల మధ్య చుట్టరికం కొలవడానికి. ఆ వంద మాటల్లో పేను ఉన్నది, కాలేయం ఉన్నది. అమ్మ లేదు, అన్న లేదు, ఇల్లు లేదు. నీ దగ్గర కూడ అదే అయింది: పేనుకు పేరు పెట్టినవు, మేనమామను మరిచినవు.

ముందు అర్థాల గట్లు సరిచెయ్యి. ‘కోయు’ అనేదానికి ‘తపె’ అని ఒక్క మాట పెట్టినవు. మనమైతే వరి కోస్తం, చెట్టు నరుకుతం, పూలు తెంపుతం, బట్ట కత్తిరిస్తం, ఉల్లిగడ్డ తరుగుతం. మరి నీ లోయ జనం ఎట్ల విడగొడుతరు? మళ్ల పెరిగేదాన్ని కోస్తే ‘తపె’, ఇక పెరగనిదాన్ని కోస్తే ఇంకో మాట అనుకో. గడ్డి, జుట్టు, గోరు ఒక దిక్కు పోతయి. బొడ్డుపేగు, తాడు, మెడ ఇంకో దిక్కు. చెట్టు దగ్గర మాత్రం ఇద్దరు పంచాయితీ పెట్టుకుంటరు, మోడు చిగురిస్తదా చిగురించదా అని. ఆ రెండు మాటలతోనే నీకు ఒక సన్నివేశం దొరికింది.

కొత్త అర్థం అవసరం పడ్డప్పుడల్లా కొత్త చప్పుడు వెతకకు. తెలుగులో ‘నడ’ అనే ధాతువు చూడు: నడక కాళ్లది, నడత గుణానిది. నీ జాబితాలో ‘హురె’ అంటే ఆపు. పనిముట్టుకు ‘న’, మనిషికి ‘లి’, ఫలితానికి ‘మ’ చేర్చు. హురెన అంటే నీళ్లు ఆపే కట్ట. హురెలి అంటే కట్ట కాసేటోడు. హురెమ అంటే నిలిచిన నీళ్లు. తరువాత దాచిపెట్టిన గింజలకూ అదే మాట, ఇంకా తరువాత ఓపికకూ అదే. అరవై ధాతువులకు ఐదేసి రూపాలైతే మూడు వందల మాటలు. అయితే ఆ పట్టికల ప్రతి గడీ నింపకు, నింపితే ఎక్కాల పుస్తకం అయితది. ‘నడ’ నుంచి నడత వచ్చింది గాని ఉరుకు నుంచి ‘ఉరకత’ రాలేదు. పదింటిలో నాలుగు గడులన్న ఖాళీగా ఉంచు.

ఎక్కువ వాడే మాట అరుగుతది. ‘వచ్చుచున్నాడు’ మన నోట్లో ‘వస్తున్నడు’ అయింది. రోజూ కట్ట మీద నడిచే జనం హురెనను ‘హుర్న’ అంటరు, పాత రూపం పాటల్లో, ఒట్లల్లో మిగులుతది. ఏ అచ్చు ఎక్కడ రాలుతదో సూత్రం ఒకటే రాసుకొని జాబితా మొత్తానికి పెట్టు, మనసుకు నచ్చిన మాటలకే పెడితే అతుకు కనబడుతది. అప్పుడు గుద్దుకునేవి కూడ బయటపడుతయి. నీ దగ్గర గాడిదకు ముందే ‘హుర్న’ ఉన్నది. కొట్టేయకు. జనం గాడిదను ‘మూట హుర్న’ అంటరని రాసుకో.

ఇక అరువు మాటలు. నీ లోయను వేరే రాజ్యం నూరేండ్లు ఏలిందంటవు, ఒక్క అరువు మాట లేదు! మన చెరువునే తీసుకో. కట్ట, తూము, మత్తడి అని ఊరోళ్లు అంటరు. నీళ్లు పొర్లితే ‘మత్తడి దుంకింది’ అంటరు. అదే చెరువులో నీళ్లు నిలిచే నేలను రెవెన్యూ కాగితాలు ‘శిఖం’ అంటయి. పారసీలో శికమ్ అంటే కడుపు. నీళ్లు వదిలేటోని మాట ఒకటి, పన్ను రాసేటోని మాట ఒకటి, రెండూ ఒక్క చెరువులోనే ఉన్నయి. దవాఖాన, వకీలు, తహసీల్దారు కూడ పారసీ, ఉర్దూ దారిన వచ్చినవే. కాబట్టి నీ పాలకుల మాటలను కొలతలకు, శిక్షలకు, కాగితాలకు ఇయ్యి. ముప్పై చాలు. లోయ జనం పలకలేని హల్లును వాళ్ల నోటికి వంచి రాయి.

పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఏ ఊరికన్న పోయి ఒక పూట రైతు దగ్గర కూసో. మాటలు ఎత్తుకొచ్చుకోవడానికి కాదు, ఒక్క నీటి పనిని ఎన్ని ముక్కలు చేసి పేర్లు పెట్టిన్రో చూడడానికి. గోండి, కోయ, కొలామి మాటలు తెచ్చి నీ కల్పిత జనానికి అసలే తగిలించకు. వాటిని మాట్లాడేటోళ్లు ఇక్కడే మన మధ్య బతుకుతున్నరు.

నోట్‌బుక్కులో తెలుగు మాట ఎదురుగా లోయ మాట రాసుడు మానెయ్యి. ఒక్కో మాటకు అర పేజీ ఇయ్యి: ధాతువు, అర్థం ఒక పూర్తి వాక్యంలో, వాడే సందర్భాలు రెండు, వాడకూడని సందర్భం ఒకటి, ఎవరు అంటరు, ఎవరు అనరు. వెనక పేజీల్లో తెలుగు అకారాది వరుస పెట్టుకో, లేకపోతే ఒక్క అర్థానికే రెండోసారి మాట పుట్టిస్తవు. వారానికి సాగో, వంటో ఒక్క రంగమే పట్టు, ఇరవై మాటలు దాటకు. ఒకే సన్నివేశంలో వచ్చే మాటలు ఒకే అక్షరంతో మొదలుకాకుండ చూడు. పుస్తకంలో పేజీకి రెండు మూడు లోయ మాటలు మించితే చదివేటోడు దాటేసి పోతడు.

వచ్చేసారి జాబితా పంపకు. తూము వంతు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు కొట్లాడుకునే ముప్పై వాక్యాలు లోయ భాషలో రాసి పంపు. రాస్తుంటే ఎక్కడెక్కడ మాట దొరకక ఆగినవో ఎర్ర పెన్నుతోని గీత పెట్టు. తరువాతి ఇరవై మాటలు అక్కడి నుంచి తీద్దం.

ఇట్లు,
అన్న