తాడు పట్టుకున్నవాడే అడగాలి

ఒరే బాబూ,

నేను రిటైరైన ఫైర్ సర్వీసులోనే ఎంపికయ్యావని మీ అమ్మ ఫోనులో ఏడుస్తూనే నవ్వుతూ చెప్పింది. పర్లాకిమిడిలో మా వీధంతా తిరిగి చెప్పొచ్చాను. ఇంటికొచ్చి కూర్చున్నాక కడుపులో తిప్పింది.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో, మునిసిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల్లో ఫైర్ సర్వీసూ ఉంది. మహారాష్ట్ర పెద్ద ఊళ్ళలో బ్రిగేడ్లు అలాగే నడుస్తాయి. మన ఒడిశాలో రాష్ట్ర శాఖ. అంటే ఎక్కడో ఉత్తరాన ఉన్న మయూర్‌భంజ్ జిల్లాలో పడేసినా నోరెత్తకూడదు. తుఫానొస్తే మీరొక్కరే కాదు, 1999 సూపర్ సైక్లోన్ తరవాత పుట్టిన మన రాష్ట్ర విపత్తు దళం ఓడ్రాఫ్ ఉంది, 2006 నుంచి కేంద్రం దళం ఎన్డీఆర్‌ఎఫ్ ఉంది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు వీధిలో పడ్డ చెట్లు కోసే మిషన్ చప్పుడు వింటే, రిటైరైన చేతులు ఊరుకోలేదురా.

మన సరిహద్దులో ఒక చిక్కుంది. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే. ఫోను చేసినవాడు తెలుగులో "కాలిపోతంది" అని అరుస్తాడు. ముందు ఊరు పేరు అడుగు, అది ఏ రాష్ట్రమో అడుగు. ఆ తరవాతే దమకళ, అదే ఫైరింజను, కదలాలి.

బూట్లు, హెల్మెట్, పంపు, అవన్నీ ట్రైనింగులో చెబుతారు. నా భయం నుయ్యి.

ఒక వేసవిలో పాడుబడ్డ నూతిలో మేకపిల్ల పడిందని ఒక కుర్రాడు దిగాడు. ఉలుకూ పలుకూ లేదని తండ్రి దిగాడు. మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళు గట్టు మీద గుండెలు బాదుకుంటున్నారు. బీఏ సెట్, అంటే వీపున గాలి సిలిండరు, మొహానికి మాస్కు, బండిలోనే ఉంది. తొడుక్కోడానికి రెండు నిమిషాలు. ఆ ఏడుపు వింటూ నేను ఆ రెండు నిమిషాలు ఆగలేకపోయాను. నడుముకి తాడు కట్టుకుని, "నేను గుంజితే లాగండి" అని దిగిపోయాను.

గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉండాలి. పాత నూతుల్లో అడుగున చాలాసార్లు అంత ఉండదు. వాసన రాదు, దగ్గు రాదు. సగం మెట్లు దిగేసరికి మోకాళ్ళు నావి కాకుండా పోయాయి. గుంజాలని తెలుసు, చెయ్యి లేవలేదు. గుంజలేదు కాబట్టి పైన ఎవరూ లాగలేదు. మా డ్రైవరొక్కడికి తాడు బరువు మారినట్టు తోచి, ఎవరూ చెప్పకుండానే లాగేశాడు. నా తరవాత బీఏ సెట్టుతో దిగినవాడు ఇద్దర్నీ తెచ్చాడు. కుర్రాడు దక్కాడు, తండ్రి దక్కలేదు. నన్ను పైకి లాగడానికి పోయిన ఆ కాసేపూ ఆయనది.

అందుకే ఈ మాట రాసి జేబులో పెట్టుకో: కిందకి దిగినవాడు పిలుస్తాడని కూర్చోకూడదు. తాడు పట్టుకున్నవాడే అడుగుతుండాలి. జవాబు రాకపోతే లాగేయాలి. ఆ సంకేతాలు దిగకముందే మాట్లాడుకోవాలి, వెధవా, నాలాగా కాదు.

మీ అమ్మకి ఈ సంగతి తెలీదు, చెప్పకు. ట్రైనింగుకి వెళ్ళేలోగా ఒక ఆదివారం రా. పెరట్లో పాత తాడుంది, మనిషిని కూర్చోబెట్టి దించే ముడి, చైర్ నాట్, నేనే నేర్పుతాను. అత్త పనసపొట్టు కూర చేస్తానంది.

మీ మావయ్య