సలూతే మాత పండుగ: ఒక నగరం తీర్చుకుంటున్న మొక్కు

ప్రశ్న: మా అబ్బాయి చదువు కోసం ఇటలీలో ఉంటున్నాడు. గత నవంబరు 21న వెనిస్ వెళ్లినప్పుడు, పెద్ద కాలువ మీద ఆ పండుగ కోసమే వేసిన వంతెన దాటి జనమంతా ఒక చర్చికి వెళ్లి కొవ్వొత్తులు సమర్పించడం చూశాడట. అది ఏ పండుగ? మన గుణదల మాత ఉత్సవాల వంటిదేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి చూసినది మదొన్న దెల్ల సలూతే పండుగ. ఇటాలియన్ భాషలో 'సలూతే' అనే మాటకు ఆరోగ్యమనీ, రక్షణ అనీ రెండర్థాలూ ఉన్నాయి. మనవారు వేళాంగణి మాతను ఆరోగ్యమాత అని పిలుస్తారు కదా, ఈమెకూ ఆ పేరు సరిగ్గా సరిపోతుంది.

1630లో మాంటువా నుంచి వచ్చిన రాయబారిని, ప్లేగు భయంతో నగరంలోకి రానివ్వక సాన్ క్లెమెంతె దీవిలో విడిగా ఉంచినప్పటికీ, అక్కడ బస ఏర్పాట్లు చేసి ఇంటికి తిరిగి వచ్చిన ఒక వడ్రంగి వల్ల వ్యాధి ఊళ్లోకి ప్రవేశించిందని చెబుతారు. అది తగ్గేనాటికి సుమారు 1,40,000 జనాభాలో 46,000 మంది దాకా చనిపోయారు. వ్యాధి తీవ్రంగా ఉన్న ఆ అక్టోబరు 22న, డోజ్ అని పిలిచే నగరాధినేత నికొలొ కొంతారీని, ఈ గండం గడిస్తే మరియమాతకు ఆలయం కట్టిస్తామనీ, ఏటేటా ఊరేగింపుగా వచ్చి కృతజ్ఞతలు చెల్లిస్తామనీ ప్రభుత్వం తరఫున మొక్కుకున్నాడు. ప్లేగు ఆగడం చూడకుండానే, 1631 ఏప్రిల్ 2న ఆయన కన్నుమూశాడు. ఆ నవంబరులో మొదటి కృతజ్ఞతా ఊరేగింపు బయలుదేరేసరికి ఆలయం ఇంకా లేవలేదు కాబట్టి, తాత్కాలికంగా కట్టిన కొయ్య చర్చికే జనం వెళ్లారు. మెత్తని బురదనేలలో పది లక్షలకు పైగా గుంజలు దిగగొట్టి, వాటి మీద ఈ గుమ్మటపు ఆలయాన్ని లేపిన శిల్పి బల్దస్సారె లొంగేన 1682లో చనిపోగా, 1687లో గాని దాని ప్రతిష్ఠ జరగలేదు. మొక్కినవాడూ కట్టినవాడూ పోయినా మొక్కు మాత్రం నిలిచింది. 1797లో వెనిస్ గణతంత్రమే అంతరించిపోయినా ఊరి జనం దాన్ని వదిలిపెట్టలేదు.

గుణదలతో పోలిక గురించి అడిగారు. ఫిబ్రవరిలో గుణదల కొండకు వచ్చేవారిలో ఎవరి మొక్కు వారిది: ఒకరు బిడ్డకు జబ్బు నయమైందని తలనీలాలు ఇస్తారు, మరొకరు కొబ్బరికాయ కొడతారు. వెనిస్‌లో మొక్కుకున్నది నగరమే. మొక్కిన తరం పోయి నాలుగు శతాబ్దాలు కావస్తున్నా, దాని బాకీ ఇప్పటివారు తమదిగా భావించి తీరుస్తున్నారు. నాకు ఇందులో విశేషంగా తోచేది ఇదే. అయితే వెళ్లేవారిలో చాలామంది తమ ఇంటివాళ్ల ఆరోగ్యం కోసం కూడా ఒక కొవ్వొత్తి ఇచ్చి వస్తారు గనుక, ఆ మేరకు మన భక్తులకు వారు దూరం కారు.

వంతెన విషయానికి వస్తే, ఆ పెద్ద కాలువ మీద శాశ్వత వంతెనలు నాలుగే ఉన్నాయి. సలూతే ఆలయానికి ఎదురుగా అవతలి ఒడ్డున ఉన్నవారు మామూలు రోజుల్లో పడవెక్కాలి, లేదా అకదేమియా వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. అందుకే సాంత మరియ దెల్ జీల్యొ వైపు నుంచి పండుగకు ముందు తేలే వంతెన కట్టి, తరువాత విప్పేస్తారు. పూర్వం పడవలనే వరుసగా పేర్చి కట్టేవారు.

ఆ రోజు వండుకునే 'కస్త్రదీన' గురించి మీరు అడగకపోయినా చెప్పాలనిపిస్తోంది. ఉప్పు పట్టించి, పొగబెట్టి ఎండబెట్టిన పొట్టేలు మాంసాన్ని క్యాబేజీతో ఉడికించే పులుసు అది. ప్లేగు కాలంలో బయటి సరుకు రావడం ఆగిపోయినప్పుడు, సముద్రం అవతలి దల్మేషియా వాళ్లు మాత్రం ఈ మాంసాన్ని పంపుతూనే ఉన్నారని, ఆ మేలు మరవకుండా ఇది తింటారని అక్కడివారు చెబుతారు. తెలంగాణలో మాంసం వరుగులు తిన్నవారికి దాని రుచి కొంత ఊహకు అందవచ్చు.

మీ అబ్బాయి ఈసారి వెళితే ప్రధాన పీఠం పైభాగాన్ని నిదానంగా చూడమనండి. నడుమ బాలయేసును ఎత్తుకున్న మరియమాత, ఒకవైపు మోకరిల్లిన రాణిలా వెనిస్ నగరం, మరోవైపు పిల్లదేవదూత కాగడాతో తరుముతుంటే పారిపోతున్న బక్కచిక్కిన ముసలమ్మ కనిపిస్తారు. ఆ ముసలమ్మే ప్లేగు.