నాలుగు అక్షరాలు కలవలేదని పెళ్లి ఆపుకోవాలా?

ప్రశ్న: మాది గాజువాక. వయసు 26, బ్యాంకులో ఉద్యోగం. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నాం. అబ్బాయి రుషికొండలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. ఫోన్‌కి పర్సనాలిటీ టెస్ట్ పంపాడు. అది స్వభావాన్ని నాలుగు అక్షరాల్లో చెబుతుంది. తనకి ఈఎస్‌టీజే, నాకు ఐఎన్‌ఎఫ్‌పీ వచ్చాయి. ‘ఒక్క అక్షరమూ కలవలేదు, అందులో రాసిందంతా అచ్చం మనమే, ఆలోచించుకుందాం’ అంటున్నాడు. పది రోజుల తర్వాత మళ్లీ చేస్తే నా మొదటి అక్షరం ఐ (అంతర్ముఖి) నుంచి ఈ (బహిర్ముఖి)కి మారిపోయింది. అంతర్ముఖత్వం 53 శాతం ఉండేది, 48 అయింది. వీటిలో నేను ఎవరిని? ఇంట్లో చెప్పడానికి భయంగా ఉంది.

జవాబు: రెండూ మీరే. మారింది అయిదు పాయింట్లు, మీరు కాదు. ఇలాంటి పరీక్షలు 50 దగ్గర గీత గీసి, ఇటు ఉంటే ఒక అక్షరం, అటు ఉంటే మరొకటి ఇస్తాయి. 53 వచ్చినవారికీ 95 వచ్చినవారికీ ఒకటే ముద్ర. నిజానికి ఎక్కువమంది నడిమధ్యలోనే ఉంటారు. ముందురోజు నిద్ర చాలకపోయినా, ఆఫీసులో ఎవరితోనైనా మాటామాటా వచ్చినా గీత దాటేస్తారు. ఎంబీటీఐ అనే ఈ నాలుగు అక్షరాల పద్ధతిని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ 1921లో రాసిన సిద్ధాంతం ఆధారంగా అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ రూపొందించారు. ఫోన్‌లో ఉచితంగా దొరికేవి చాలావరకు దానికి అనుకరణలే.

‘అచ్చం మనమే’ అనిపించడానికీ కారణం ఉంది. 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఫలితమంటూ అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. ఎంత సరిపోయిందో చెప్పమంటే సగటున అయిదుకి నాలుగు పైనే వేశారు. ఎవరికైనా నప్పే మాటలు మన గురించే రాసినట్టు తోస్తాయి.

మీ ఇద్దరికీ స్వభావాలు తెలుసుకోవాలనే ఉంటే, పరిశోధకులు ఎక్కువగా వాడే అయిదు గుణాల పరీక్ష చేయండి: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమం, బహిర్ముఖత్వం, సర్దుకుపోయే గుణం, త్వరగా కలత చెందడం. ఐపీఐపీ అనే ప్రశ్నల సంకలనం నుంచి తీసిన 120 ప్రశ్నల రూపం ఉచితం, ఇరవై నిమిషాలు చాలు. ఇది ముద్ర వేయదు, నూరుమందిలో మీరు ఎక్కడున్నారో చెబుతుంది. ఏ గుణంలోనైనా 30 నుంచి 70 మధ్య వస్తే మామూలే అనుకోండి. ఎలా ఉండాలనుకుంటున్నారో కాదు, గత ఏడాదిగా ఎలా ఉన్నారో అదే రాయండి. గొడవపడిన రోజు చేయకండి. అబ్బాయికి నచ్చాలని కలుపుగోలుగా ఉన్నట్టు రాస్తే ఆ ఫలితం ఇద్దరికీ పనికిరాదు. మిమ్మల్ని బాగా ఎరిగిన అక్కో స్నేహితురాలో మీ గురించి అవే ప్రశ్నలకు జవాబు రాస్తే ఇంకా మేలు. రెండింటికీ తేడా వచ్చిన చోటే మాట్లాడుకోవలసింది ఉంటుంది.

దంపతుల గుణాలు ఒకేలా ఉండటం వల్ల కాపురం బాగుంటుందనడానికి ఆధారం బలహీనం. ఎవరో ఒకరు త్వరగా కలత చెందేవారైతే అసంతృప్తి పెరగడం మాత్రం చాలా పరిశోధనల్లో కనిపించింది. అలాగని వారికి పెళ్లి పనికిరాదని కాదు. కోపం వస్తే తను ఎంతసేపు మాట్లాడకుండా ఉంటాడు, ముందు ఎవరు పలకరిస్తారు, మీ జీతం ఎవరి చేతిలో ఉంటుంది, పెళ్లయ్యాక గాజువాకకి ఎన్నాళ్లకోసారి వస్తారు... ఆదివారం బీచ్ రోడ్డులో కూర్చుని ఇవి అడగండి.

ఇవన్నీ మాట్లాడాక కూడా అక్షరాలే పట్టుకుని కూర్చుంటే, ‘నీకు ఈ పెళ్లి ఇష్టమేనా?’ అని సూటిగా అడిగేయండి. పరీక్ష సాకు కావచ్చు. ఈ సంగతి మాత్రం కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టకముందే, ఈ వారంలోనే అమ్మకి చెప్పండి.