కంపాలా ప్రయాణం: ఎల్లో ఫీవర్ టీకా రెండు రోజుల ముందు కుదరదు

63 ఏళ్ల నాన్నగారితో ఉగాండా రాజధాని కంపాలా వెళ్తున్నామని, రెండు రోజుల ముందు పక్క వీధి క్లినిక్‌లో ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే వైరస్ జ్వరం) టీకా వేయిస్తే చాలా అని ఒకరు అడిగారు. చాలదండీ. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. అదీ ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని, ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. సర్టిఫికెట్‌గా చేతికిచ్చే పసుపు పుస్తకంలో పేరు స్పెల్లింగు, పాస్‌పోర్టు నంబరు, స్టాంపు అక్కడికక్కడే సరిచూసుకోండి. ఉగాండాలో దిగేటప్పుడే కాదు, తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

నాన్నగారి విషయంలో మాత్రం తొందరపడొద్దు. 60 దాటినవాళ్లకు ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు కాస్త ఎక్కువ. గుడ్డు పడకపోయినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా డాక్టర్‌కి తప్పక చెప్పండి. వద్దంటే మినహాయింపు లెటర్ రాయించుకోవచ్చు.

నా లెక్కలో అసలు టెన్షన్ మలేరియాది. దానికి ప్రయాణికుల టీకా లేదు, మాత్రలే. వాటిలో డాక్సీసైక్లిన్ రాస్తే తిరిగొచ్చాక కూడా 4 వారాలు వాడాలి. చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు! దోమల క్రీము, నిండు చేతుల చొక్కాలు ఎలాగూ ఉండాలి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించీ అదే డాక్టర్‌ని అడగండి.

వచ్చాక జ్వరం తగిలితే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా, ఉగాండా వెళ్లొచ్చామని చెప్పి అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి.